నూనె డబ్బాల్లో లారీ

ఒక లారీ ఇంజనును నట్టు నట్టుగా నూనె డబ్బాల్లో, బిస్కెట్ డబ్బాల్లో సర్దిపెట్టిన మొనగాడు కరీంనగర్ మొత్తంలో నేనొక్కడినే. ఎవరి సాయమూ తీసుకోలేదు. ఒక్క మధ్యాహ్నంలో పూర్తిచేశాను. పెద్ద బోల్టులు ఒక డబ్బాలో, చిన్నవి ఇంకో డబ్బాలో, స్ప్రింగులన్నీ ఒకచోట, వాషర్లన్నీ ఒకచోట. ప్రతి డబ్బా మీదా సుద్దముక్కతో పేరు రాశాను. కిరాణా కొట్టులో పుట్టి పెరిగినవాణ్ణి. కందిపప్పులో నాలుగు పెసరబద్దలు కనబడితే నాకు అన్నం సహించదు.

ఆ లారీ యుద్ధం నాటిది. మిలిటరీవాళ్లు వదిలించుకున్నాక నాలుగు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. అమ్మినవాడు పద్దెనిమిది వందలు చెప్పాడు. మూడు రోజులు కూర్చుని పద్నాలుగు వందలకు దించాను. నాలుగు వందలు ఎందుకు తగ్గాడో ఇంటిదారిలో తెలిసింది. ఊరు కనబడేదాకా లారీ తనే నడిచింది. అక్కడినుంచి రెండు జతల ఎద్దులు లాక్కొచ్చాయి.

మిస్త్రీని పిలిచాను. నిజాం కాలంలో బస్సులు బాగుచేసిన పెద్దాయన. బేరమాడితే మాత్రం చెవులు వినిపించవు. ఆయన ఇంజను విప్పి, ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే గోనెపట్టాల మీద పేర్చాడు. కొనవలసిన సామాను చీటీ నా చేతిలో పెట్టి, పెళ్లి ఉందని నాలుగు రోజులకు జగిత్యాల వెళ్లాడు. సామాను తెచ్చాను. ఆకాశం మబ్బు పట్టింది. గోనెపట్టాల మీద ఇనుము చిందరవందరగా కనబడింది. నాకు చిందరవందరగానే కనబడింది మరి.

మిస్త్రీ తిరిగొచ్చి డబ్బాల వరుస చూశాడు. ఒకదాంట్లో చెయ్యి పెట్టి గుప్పెడు నట్లు తీసి, మళ్లీ వదిలేశాడు.

"సేఠ్, గిదేంది?"

"వానొస్తదేమోనని సర్దిన మిస్త్రీ. నీకు ఎతుకులాట తప్పింది."

"నేను ఇంజన్ ఇప్పి పోయిన. నువ్వు దుకాణం పెట్టినవ్. పావుసేరు నట్లు పొట్లం కట్టియ్యి, ఇంటికి తీస్కపోత."

పొట్లం లేకుండానే వెళ్లిపోయాడు. పది నెలలు లారీ మా పెరట్లోంచి కదల్లేదు.

చివరికి మా బాపు నోరు తెరిచాడు.

"మక్కలు రానున్నయిరా. బస్తాలు ఏడ దించాలె, నీ లారీ నెత్తినా? ఇనుపసామానాయన ఆరు వందలిస్తనంటుండు. మక్కలొచ్చేలోపు అది నడిస్తే నడిచింది. లేకుంటె కాంటా ఎక్కుతది."

మొక్కజొన్న పంట కొట్టుకు వచ్చేదాకే గడువు. బాపు గడువు పెడితే దాటనివ్వడు. పద్నాలుగు వందల లారీ ఆరు వందల ఇనుము కాబోతోంది. బజారులో అందరికీ బేరాలు నేర్పేవాణ్ణి నేను. మర్నాడే మిస్త్రీ ఇంటికి వెళ్లి గడప మీద కూర్చున్నాను. రెండు చాయల తర్వాత ఆయన మెత్తబడ్డాడు.

"మూడు తొవ్వలున్నయి సేఠ్. హైదరాబాద్ పంపితే లారీ కన్న బిల్లు పెద్దగైతది. ఇనుపాయనకిస్తె ఫికరే లేదు. ఇగ మూడోది. గిసొంటిదే ఇంకో లారీ, నడుస్తున్నది, దొరకాలె. దాన్ని ఇప్పుకుంట, ఒక్కో ముక్కకు నీ డబ్బాలల్ల జోడు చూద్దం."

"నడిచే లారీని ఇప్పనిచ్చే పిచ్చోడు ఎవడుంటడు మిస్త్రీ?"

"గీ లారీని కొన్న పిచ్చోడు ఉండంగ, దునియాల ఇంకోడు ఉండడా?"

ఉంది. మంచిర్యాలలో కలప డిపో నడిపే ఒకావిడ. ఆదిలాబాద్ వైపు మనిషి, అందరూ బాయి అని పిలుస్తారు. భర్త పోయాక డిపో ఆమే చూసుకుంటోంది. అచ్చం నాలాంటి లారీయే ఆమెకూ ఉందని మిస్త్రీకి తెలుసు. వానలకు అడవి బాటలు మూసుకుపోయి ఆ లారీ ఖాళీగా ఉండే రోజులు. పదకొండు డబ్బాలతో, మిస్త్రీతో పెద్దపల్లిలో రైలెక్కాను. లగేజీ గుమస్తా డబ్బాల్లో ఏముందని అడిగాడు. "లారీ" అన్నాను. పరాచికాలాడుతున్నానని ఎక్కువ వసూలు చేశాడు.

ఆమె టేకు దుంగ మీద కూర్చుని, ఆకు నములుతూ నా మాట మొత్తం విన్నది.

"ఇప్పుతరు, బిగిస్తరు. సురువు కాకుంటె?"

"ఎందుకు కాదు బాయి?"

"కాకుంటె అంటున్న."

ఆమె షరతులు రెండు. వానలు వెలిశాక నా లారీ, నా పెట్రోలుతో, అడవినుంచి పది ట్రిప్పులు ఆమె వెదురు మోయాలి. విప్పి బిగించాక ఆమె లారీ స్టార్టు కాకపోతే నా లారీ ఆమెది. నేను ఆరు ట్రిప్పులన్నాను. ఆమె పన్నెండన్నది. గంటసేపు చెమటోడ్చి పదికి ఒప్పించాను. ఆమె మొదట చెప్పింది పదేనని సంతకం పెట్టాక గుర్తొచ్చింది.

పని మొదలైంది. మిస్త్రీ ఒక్కో ముక్క విప్పడం, దాని జోడు కోసం నేను డబ్బాలు వెతకడం. దొరికినదానికి మిస్త్రీ దారం కట్టి, ఉర్దూ అంకె వేసిన చీటీ తగిలించేవాడు. ఆమె మాత్రం జాజు కలిపిన చిప్ప పట్టుకుని పక్కనే కూర్చుని, తన ముక్క బయటికి రాగానే దానికో ఎర్రబొట్టు పెట్టేది. కలప వ్యాపారంలో ప్రతి దుంగకూ యజమాని గుర్తు ఉంటుంది. పది మంది దుంగలు కలిసినా ఎవరివి వారికి పోతాయి. మా కొట్టులో సరుకుకు పేరే ఉంటుంది, యజమాని గుర్తు ఉండదు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

మూడో రోజు రోటర్ బయటికి వచ్చింది. కరెంటును ఇంజనుకు పంచే డబ్బాలో గిర్రున తిరిగే, బొటనవేలంత ముక్క. ఆమెది కొత్తది. నాదానికి డబ్బాలో బోల్టుల కింద నలిగి వెంట్రుకంత పగులు. మిస్త్రీ నమాజుకు వెళ్లాడు, ఆమె కూలీలను కేకలేస్తోంది. నా చెయ్యి దానంతటదే పనిచేసింది. ఎర్రబొట్టు పంచెకు తుడిచి ఆమెది నా డబ్బాలో వేసుకున్నాను. నాదానికి ఓ బొట్టు పెట్టి ఆమె వరుసలో పెట్టాను. వెంట్రుకంత పగులుకు ఏమవుతుందిలే అనుకున్నాను.

ఐదో రోజు ఆమె ఇంజను బిగించి మిస్త్రీ హ్యాండిల్ తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ తిప్పాడు. నలుగురు కూలీలు వంతులవారీగా తిప్పారు. ఆమె ఆకు ఉమ్మేసి అడిగింది.

"షావుకారూ, మీ లారీ ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"ఠీక్. మార్పిస్త."

నేను మిస్త్రీ వైపు తిరిగాను. "మిస్త్రీ, గా కరెంటు డబ్బా జర చూడరాదు?"

"ఎందుకు?"

"ఊకెనే."

"పది నెల్లసంది బోల్టేదో వాషరేదో తెల్వది. ఇయ్యాల సీద గా డబ్బా మీదనే ఎట్ల అనుమానమొచ్చె?"

"ఆయన్నెందుకు పరేషాన్ చేస్తవ్ మిస్త్రీ," అన్నది ఆమె. "పంచెనడుగు."

పంచె అంచున ఎర్రటి మరక. కూలీలు కూడా నవ్వారు. నేను డబ్బాలోంచి రోటర్ తీసి, తల దించుకుని మిస్త్రీ చేతికిచ్చాను. అది బిగించాక రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. నా లారీ నాకు మిగిలింది. పది ట్రిప్పులు పదిహేను అయ్యాయి. బేరమాడలేదు.

ఊరికి తిరిగొచ్చాక చీటీల వరుసలో మిస్త్రీ నా ఇంజను బిగించుకుంటూ పోయాడు. మక్కలు రావడానికి వారం ముందు నా లారీ పొగ కక్కుకుంటూ పెరటి గేటు దాటింది. ఆ ఖాళీలో బాపు బస్తాలకు చెక్కలు పరిపించాడు.

ఇక బిల్లు. లారీకి పద్నాలుగు వందలు. సామానుకు మూడు వందల పది. మిస్త్రీకి నూట ఎనభై. రైలుకు, లగేజీకి ఇరవై రెండు. పదిహేను ట్రిప్పుల పెట్రోలు, ట్రిప్పుకు ఇరవై నాలుగు చొప్పున మూడు వందల అరవై. నాకు కొత్త రోటర్, చెప్పిన ధరకే, ఆరు రూపాయలు. మొత్తం రెండు వేల రెండు వందల డెబ్బై ఎనిమిది. ఆ తర్వాత రెండేళ్ల కిరాయిల్లో ఖర్చులు పోను మిగిలింది పదహారు వందల యాభై. అమ్మినప్పుడు వచ్చింది ఐదు వందలు. కలిపితే రెండు వేల నూట యాభై. నష్టం నూట ఇరవై ఎనిమిది. ఇందులో రోటర్ వల్ల పెరిగిన ఐదు ట్రిప్పులకు నూట ఇరవై, కొత్త రోటర్‌కు ఆరు. అంటే లారీ వల్ల నాకు పోయింది రెండు రూపాయలు. మిగతా నూట ఇరవై ఆరూ నా చెయ్యి తిన్నది.