అమ్మ కడిగిన చెక్క నేల

సికింద్రాబాదు కార్ఖానా పేటలో మా మనవరాలు కొనుక్కున్న ఫ్లాటులో మొన్న వెడల్పాటి టేకు పలకలు పరుస్తుంటే, వద్దన్నా వినకుండా కుర్చీ వేయించుకుని పొద్దస్తమానం చూస్తూ కూర్చున్నాను. పనివాళ్లు డబ్బా మూత తీసి, పళ్లున్న రేకుతో జిగురును నేలంతా దువ్వినట్టు పరుస్తుంటే, ఆ ఘాటుకు నా ముక్కు పాత వాసనొకటి వెతుక్కుంది. మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, తోళ్లూ ఎముకలూ ఉడికించి చేసే సరేసు జిగురు. వడ్రంగులు దాన్ని పొయ్యి మీద కాస్తుంటే వీధంతా ముక్కు మూసుకునేది.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్యకు కాస్త ముందు మాట. సికింద్రాబాదులో ఓ పాత బంగళా మేడమీద అమ్మ కుట్టుపని నేర్పే బడి నడిపేది. నాన్న పోయాక మా పొయ్యి వెలిగింది ఆ మిషన్ల పుణ్యాననే. నేనూ అప్పటికి కాజాలూ అంచులూ నేర్పేంతదాన్నయ్యాను. మేడ నేలంతా దూలాల మీద పరిచిన వెడల్పాటి టేకు పలకలు. అవి వదులై, మిషను తొక్కినప్పుడల్లా గడగడలాడేవి. కింద దుకాణంలో తెల్లటి పరుపు వేసుకుని కూర్చునే ఇంటి యజమానిని మేము సేటు అనేవాళ్లం. నెత్తిన దుమ్ము రాలుతోందని విసిగిపోయి, దసరాలోగా నేల కదలకుండా చేసుకోండి, లేదంటే ఖాళీ చేయండి అనేశాడాయన. ఆ గది పోతే అన్ని మిషన్లకూ మరోచోట జాగా దొరికే కాలం కాదది.

మౌలాలి రైల్వే కాలనీలో ఉండే మా మేనమామ వడ్రంగి. భారత ప్రభుత్వం నిజాం రాజ్యపు సరిహద్దులు మూసేసి సరుకులు రానివ్వని రోజులు కనుక మేకులు దొరక్క, ఉన్న పాతవాటితో సరిపెట్టి, మిగతా భారమంతా సరేసు మీద వేసి పలకలు బిగించాడు. గోడల వెంట వేలెడు సందు వదిలితే సూదులన్నీ అందులో పడతాయని అమ్మ దెబ్బలాడింది గానీ, వానకు కట్టె ఒళ్లు చేస్తుంది, ఆ కాస్త జాగా ఉండాల్సిందేనని ఆయన లొంగలేదు.

అంతలో శనివారం వచ్చింది. ఆదివారం ఆరాధనకు వెళ్లేముందు ఇల్లు కడగని క్రైస్తవ కుటుంబం మా వీధిలో లేదు. దానికితోడు సరేసు కంపు. కింద సేటు పరుపు చుట్టి దుకాణం కట్టేశాక, అమ్మ బొక్కెనలకొద్దీ నీళ్లు కుమ్మరించి, కొబ్బరి చీపురు పట్టి కసిదీరా కడిగింది. సోమవారం మేనమామ వచ్చేసరికి జిగురు కరిగి, పలకల అంచులు పైకి లేచి ఉన్నాయి.

“గిది షాబాదు బండ గాదక్కా, కట్టె! దీనికి తానం ఎందుకు చేయించినవ్?” అని తల పట్టుకున్నాడు.

ఆ వారంలోనే భారత సైన్యం వచ్చింది. దుకాణాలు మూతపడ్డాయి, కొందామన్నా సరేసు లేదు. బయట ఏమవుతుందోనన్న భయం సగం, గది పోతుందన్న భయం సగం, నేను ఏడుస్తూ కూర్చున్నాను. అమ్మ ఏడవలేదు. వాళ్లమ్మ ఒకప్పుడు దొరల ఇంట్లో ఆయాగా ఉంటూ, పగిలిన పింగాణీని పాలవిరుగుడూ సున్నమూ కలిపి నూరి అతికించేదట. ఆ జిగురుతోనే నేలనూ అతికిద్దామంది. హోటళ్లు మూసి ఉండటంతో పాలాయన దగ్గర పాలు మిగిలిపోతున్నాయి. కప్పు వేరు, నేల వేరని మేనమామ నసిగాడు.

“నేనే కడిగి ఊడగొట్టిన, నేనే అతికిస్త. నువ్వు పలకలు సాపు చెయ్యి తమ్మీ,” అంది అమ్మ.

పలకలు ఎండేదాకా ఆగి మొదలుపెట్టాం. మీగడ తీసిన పాలు విరగ్గొట్టి, గుడ్డలో పిండి, సున్నం చేర్చి రుబ్బితే తెల్లటి జిగురయ్యేది. కాస్త ఆలస్యమైతే రోట్లోనే బిగుసుకుపోయేది. అందుకే అమ్మ కొద్దికొద్దిగా రుబ్బడం, నేను పరుగెత్తి అందించడం, మేనమామ దూలానికి పూసి పలక అదమడం. పైన బరువుకు మిషన్లూ, తిరగలీ, చివరికి నేనూ. భుజం వాచినా అమ్మ పొత్రం వదల్లేదు. సున్నానికి వేళ్లు పొక్కితే గుడ్డ చుట్టుకుని మళ్లీ కూర్చుంది.

దసరా ముందు సేటు చూడడానికి వచ్చాడు. అమ్మ నిండు బొక్కెన తెచ్చి ఆయన కాళ్ల ముందు నేల మీద కుమ్మరించింది. పాలజిగురు కరగలేదు, ఒక్క పలకా కదల్లేదు కానీ, నీళ్లన్నీ గోడవారగా పారి, మేనమామ పట్టుబట్టి వదిలిన సందులోంచి కిందికి దిగాయి. సేటు కెవ్వుమని మెట్లు దిగి పరిగెత్తాడు. తడిసిన పరుపు పక్కన నిలబడి, పైకి తలెత్తి అరిచాడు.

“అమ్మా, ఇగ బంద్ చెయ్! మీరు ఈడనే ఉండుండ్రి, నా పరుపును మాత్రం ఇడిచిపెట్టుండ్రి!”

నవ్వీ నవ్వీ అమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడా బంగళా లేదు. మనవరాలి ఇంట్లో నేలను తడిగుడ్డతో తుడవాలట, అంతే. శనివారం నేను బకెట్టు వైపు చూస్తే చాలు, అందరూ హడలిపోతారు. గోడవార సందు వదిలారా అని వంగి వెతికాను. వదిలారు, పైన సన్నటి పట్టీ వేసి కప్పేశారు. సూదులు పడవని అమ్మ ఎంత సంతోషించేదో! ఇక్కడ నీటి చుక్క కిందికి దిగదు, పైకి తలెత్తి అరిచేవారూ లేరు. కింది ఫ్లాటులో ఎవరుంటారో నాకు ఇప్పటికీ తెలియదు.