తీసేసిన బొమ్మ

ఇంట్లోనే రక్తంలో చక్కెర చూసుకునే కిట్లు ఉంటాయి కదా, వాటి లోపలి కాగితం మీద బొమ్మలు గీయడం నా పని. చదువు రాని వాళ్లకు ఆ బొమ్మలే దిక్కు. మా అమ్మకూ అంతే.

అమ్మ పత్తికొండ టమాటా మార్కెట్లో కాయలు ఏరుతుంది. ఇన్సులిన్ వేసుకుంటుంది. మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం పగిలిన కాయలు ఏరి, అన్నానికి ముందు చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలు పొడుచుకుంది. మీటరు నాలుగు వందలు దాటింది. డాక్టరు చెప్పినట్టే మందు పెంచి వేసుకుంది. కాసేపటికి గంపల మధ్య ఒరిగిపోయింది. పక్కనామె నోట్లో చక్కెర వేసి ఆటో ఎక్కించకపోతే మాకు దక్కేది కాదు.

ఆస్పత్రిలో నర్సు విషయం విని తల కొట్టుకుంది. మీటరు లెక్కబెట్టింది రక్తంలో చక్కెరనే కాదు, వేలికంటిన టమాటా రసాన్ని కూడా.

"బొమ్మలో ఎట్లుంటే అట్లే చేసినా పాపా. ముందు సూది, మళ్లా రక్తం. యాడ తప్పినానో తెలీల్యా" అంది అమ్మ.

ఎక్కడా తప్పలేదు. చేతులు కడుక్కునే బొమ్మ ఆ కాగితంలో లేనే లేదు. అంతకుముందు ఉండేది. పర్యావరణం కోసం కాగితం సగానికి తగ్గిద్దామన్నారు మా ఆఫీసు పెద్దలు. ఒక్కసారి వాడి పారేసే సూదికి తొడిగిన ప్లాస్టిక్కు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కాగితం తగ్గించి ప్లాస్టిక్కు ఉంచుకునే ఈ పచ్చదనం ఎవరిని ఉద్ధరించడానికి? "చేతులు కడుక్కోవడం ఎవరికి తెలియదు?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, కొళాయి బొమ్మ కొట్టేశాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు.

తిరిగి వెళ్లి ఆఫీసులో అరిచాను. కాగితమే వద్దు, డబ్బా మూత మీదే ముందుగా ఆ బొమ్మ అచ్చేయండన్నాను. వచ్చే సరుకుకు చూద్దామన్నారు. ఈలోగా ఇంకెంతమంది ఒరిగిపోవాలో అడిగితే, కోపం తగ్గించుకోమన్నారు. నేను తగ్గించుకోను.

ఆ ఆదివారం ఊరికి పోయేసరికి, ప్రాణం కాపాడిన పక్కనామె అమ్మ మంచం దగ్గరే ఉంది.

"ఆ డబ్బా పారెయ్ కా, దాంట్లోనే ఏదో తప్పుండాది" అంటోంది.

అమ్మకు కోపం వచ్చింది. "మా పాప గీసిన బొమ్మలవి. తప్పుండదు. నేనే యాడో సరిగ్గా చూసుకోల్యా" అంది.