విమానమెక్కని కరీం అభిప్రాయం

ఆ సోమవారం పొద్దున అబ్దుల్ కరీం తన సెల్‌ఫోన్‌ను రాగి తీగల డబ్బాలో పెట్టి, పైన పాత గుడ్డ కప్పి, మూత బిగించాడు. అయినా అది మోగుతూనే ఉంది. రేకు డబ్బా కావడంతో మోత ఇంకా పెద్దదైంది. కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్న నేను రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాను. ఆ ఫోన్ చేసేవాళ్ళను అతని మీదికి ఉసిగొల్పింది నేనేనని అప్పటికింకా అతనికి తెలియదు.

వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో ఉంటుంది కరీం కొట్టు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టడం అతని పని. నలభై ఏళ్ళుగా అదే పని. రైతు మోటారు దించగానే కరీం మీటరు తీయడు. కరెంటు ఇచ్చి, స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటాడు. కళ్ళు మూసుకుని కాసేపు వింటాడు. బేరింగు పోయిందో, ఒక ఫేజు రావడం లేదో అక్కడికక్కడే చెప్పేస్తాడు. తప్పడం నేను చూడలేదు.

ఇది చాలదన్నట్టు, ఒకసారి నేను నర్సంపేట మార్కెట్టులో పత్తి అమ్మడానికి వచ్చిన రైతులతో, కరీం చెవి పెడితే కరెంటు ఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తోందో, ఆ లైన్‌మన్ పొద్దున ఏం తిన్నాడో కూడా చెబుతాడన్నాను. వారం తిరక్కుండా ముగ్గురు ట్రాక్టరేసుకుని వచ్చారు. కరీం వాళ్ళకు చాయ్ తాగించి, మోటారు చూసి పంపించి, నా వైపు తిరిగి అన్నాడు.

"శ్యాం భాయ్, నీ నాలుకకు జర ఫ్యూజు పెట్టించుకో. ఎప్పుడో ఒకనాడు ఎవని ఇల్లో కాలుతది."

నేను నవ్వాను. అతనూ నవ్వాడు.

కరీం నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇంగ్లీషు రాదు. నేను కాజీపేటలో కాన్వెంటు సిస్టర్ల బెత్తం కింద ఇంగ్లీషు నేర్చినవాణ్ణి కాబట్టి మా వాడకట్టులో అర్జీలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. పింఛను, రేషన్ కార్డు, పేరు మార్పు, ఏదైనా సరే. దానికి మా దగ్గర ఒక కట్టు ఉంది. రాసినవాడు కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించాలి. విన్న తరవాతే అవతలి మనిషి సంతకమో వేలిముద్రో పెట్టాలి. ముప్పై ఏళ్ళలో ఎవరూ నేను చదివింది నిజమేనా అని అడగలేదు.

ఇక ఆ గేము సంగతి. హన్మకొండలో వీడియో గేముల దుకాణం నడిపే ఒకాయన, పాడైన జాయ్‌స్టిక్ ఒకటి బాగుచేయమని కరీంకు ఇచ్చి మళ్ళీ రాలేదు. బాగుచేసింది పనిచేస్తోందో లేదో చూడాలి కదా. కరీం కూతురు ఫర్జానా ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. ఆమె తన పాత కంప్యూటరును కొట్టులో పెట్టి, అందులో 'థండర్ కైట్' అనే గేము ఎక్కించింది. పాతకాలపు పంకా విమానాలు సముద్రం మీద కొట్లాడుకునే గేము. నిజం విమానం నడపడం నేర్పేది కాదు. మీట నొక్కితే గుండ్లు కురుస్తాయి, ఎంత కురిసినా అయిపోవు. కూలిపోతే నిమిషంలో ఇంకో విమానం ఇస్తారు. పరీక్ష కోసం కూర్చున్న కరీం నాలుగు నెలలైనా లేవలేదు. రోజూ మధ్యాహ్నం నమాజు ముగించుకుని వచ్చి, గిరాకీ తగిలేదాకా ఆడేవాడు. అప్పటిదాకా అతను నిజం విమానం దగ్గరికైనా పోయింది లేదు.

ఇంటర్నెట్‌లో ఆ గేము కొనే చోట, ఆడినవాళ్ళు తమ అభిప్రాయాలు రాస్తారు. వేలమంది రాశారు. తీరిక దొరికినప్పుడు నేను వాటిని తెలుగు చేసి చదువుతుంటే కరీం తీగ చుట్టుకుంటూ వినేవాడు. విమానం ఆకాశంలో స్కూటీలా మలుపు తిరుగుతోందని ఒకడు ఏడ్చాడు. అసలు విమానం కావాలంటే పైలట్ స్కూలుకు పో, ఇది ఆటరా అని ఇంకొకడు కసిరాడు. ఆఫీసు నుంచి వచ్చి అన్నం ఉడికేలోపు పన్నెండు విమానాలు కూలుస్తాను, నాకింకేం కావాలని మరొకడు రాశాడు. ఈ మూడోవాడు కరీంకు బాగా నచ్చాడు.

"గని ఒక్క తప్పు ఎవలు చెప్తలేరు," అన్నాడు ఒకరోజు. "బరువు పడ్డప్పుడు ఇంజను ముందుగాల మూల్గుతది, ఎనుకనే స్పీడు తగ్గుతది. గీ ఆటల స్పీడు తగ్గినంక మూల్గుతాంది. ఇంజను గురించి తెల్వనోడు చేసిండు దీన్ని."

అంత చిన్న సంగతి వేలమందిలో ఒక్కరికీ పట్టలేదు. రాయి మరి అన్నాను. ఫర్జానా కరీం పేరున ఖాతా తెరిచింది. ఏ పేరు పెట్టాలని అడిగితే, కొట్టు బోర్డు మీద ఉన్నదంతా పెట్టమన్నాడు: అబ్దుల్ కరీం, మోటర్ వైండింగ్, నర్సంపేట రోడ్, వరంగల్, సెల్ నంబరు. అక్కడ నంబరు పెట్టకూడదని ఆమె అంటే, "ఆడెటోళ్ళ ఇండ్లల్ల బోర్లు ఉండయా?" అన్నాడు. ఆమెకు బడి వేళ అయింది. వెళ్ళిపోయింది.

అభిప్రాయం నేను రాశాను. అతను చెప్పింది చెప్పినట్టే రాశాను. ఆ తరవాత చూసుకుంటే అది మరీ చప్పగా కనిపించింది. పైన ఒక వాక్యం, కింద ఒక వాక్యం చేర్చాను. ఇరవై రెండేళ్ళు ఇవే యుద్ధవిమానాలు నడిపినవాడిగా చెబుతున్నాను అని పైన. మామునూరు మైదానంలో రాత్రివేళ దీపాలు లేకుండా దిగినప్పుడు ఈ మూలుగే నా ప్రాణం కాపాడింది అని కింద. తరవాత కట్టు ప్రకారం తెలుగులో చదివి వినిపించాను. ఆ రెండు వాక్యాలు మాత్రం చదవలేదు. "మంచిగ రాసినవ్" అన్నాడు కరీం, మీట తనే నొక్కాడు.

పదిహేను రోజులు బాగానే గడిచాయి. వేలమంది మెచ్చుకున్నారు. గేము తయారు చేసినవాళ్ళు కూడా ఇంజను మోత సరిచేస్తామని కింద రాశారు. కరీం ఆ మాట నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. తరవాత ఎవరో అడిగారు: ఈ విమానాలు వాడుకలోంచి పోయి డెబ్బై ఏళ్ళు కావస్తోంది, ఈయన వయసెంత? ఇంకొకరు, వరంగల్ పక్కనున్న ఆ పాత మామునూరు విమానాశ్రయంలో విమానాలు దిగక ఎన్నేళ్ళయిందో వెతికి పెట్టారు. మూడోవాడు ఒకే ఒక్క మాట రాశాడు. పేరు అబ్దుల్ కరీం, నడిపింది ఏ దేశం విమానం?

ఆ మాట కిందికి జనం ఈగల్లా ముసిరారు. సైనికుడినని బొంకాడు, కేసు పెట్టాలి అన్నారు. పోలీసులకు పంపాం అన్నారు. నేను ఇంట్లో కూర్చుని, నా ఫోన్‌లో ఎక్కించుకున్న కరీం ఖాతాలో అవన్నీ చదివాను. ఆ రాత నేనే తీసేశాను. అప్పటికే దాని ఫోటోలు ఊళ్ళు తిరుగుతున్నాయి. నంబరుతో సహా.

అందుకే ఆ సోమవారం ఫోను మోగుతోంది.

ఎత్తితే కొందరు నవ్వారు. కొందరు ఎందుకో చెప్పకుండానే తిట్టారు. ఒకతను ఏమీ అనకుండా ఊపిరి వినిపిస్తూ ఉండిపోయాడు. పదకొండు గంటలకు రోడ్డుకు అవతల ఒక బండి ఆగింది. దాని మీది ఇద్దరు దిగకుండానే కొట్టును ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. కరీం లేచి షట్టరు సగం దించాడు. మనిషి లోపల, కాళ్ళు మాత్రం వెలుతురులో. ఏ తప్పు చేశానో తెలిస్తే బాగుండేదన్నాడు. ఆ నెలలోనే అతనూ భార్య ఖతీజాబీ మక్కాకు ఉమ్రా యాత్ర పోవడానికి పాస్‌పోర్టులకు పెట్టుకున్నారు. పోలీసు విచారణ ఆ రోజో రేపో రావాలి. కేసైతే పాస్‌పోర్టు రాదు.

మధ్యాహ్నం ఫర్జానా బడి నుంచి పరుగున వచ్చింది. బడిలో ఎవరో ఆ ఫోటో చూపించారట. షట్టరు కింది నుంచి వంగి లోపలికి వచ్చి, తండ్రి ఎదుట నిలబడి, ఇంగ్లీషులో ఉన్నది ఒక్కొక్క వాక్యమే తెలుగు చేసి చదివింది. మొదటి వాక్యం దగ్గరే కరీం చేతిలోని తీగ ఆగిపోయింది. చివరిదాకా విన్నాడు. తరవాత నా వైపు చూశాడు.

"గిది నువ్వు చదువలేదు కద, శ్యాం భాయ్."

లేదన్నాను. ఫర్జానా ముఖం తిప్పుకుంది. కరీం తిట్టలేదు. తిడితే నేను బతికిపోయేవాణ్ణి. తీగ కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు.

"గదే నీ పేరు మీద రాసుకుంటె నవ్వి ఇడిసిపెడుదురు. నా పేరు మీద రాసినవ్."

సాయంత్రం స్టేషను నుంచి ఫోను. రేపు పదకొండు గంటలకు ఆధార్ కార్డు తీసుకుని రమ్మన్నారు. ఆ పిలిచిన కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదకు కరీం ఇంకా భయపడ్డాడు.

మర్నాడు పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి కరీం తయారై కూర్చున్నాడు. పండగకు తొడిగే తెల్ల చొక్కా. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్, ఓటరు కార్డు, బడి టీసీ, తండ్రి నాటి రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, తాత చెరువు పనిలో కూలి చేసినప్పటి చీటీ ఒకటి. విమానం నడపలేదని రుజువు చేసే కాగితం ఏదో తెలియక, పుట్టి పెరిగిన కాగితాలన్నీ పెట్టాడు. ఖతీజాబీ ఇంకో సంచి తెచ్చి అతని పక్కన పెట్టింది. అందులో రెండు జతల బట్టలు, తువ్వాలు, బీపీ గోళీలు. నన్ను చూసి ఆమె అన్న మాట ఒకటే.

"అన్నా, జల్ది తోలుకొస్తవ్ కద?"

వస్తానన్నాను. అంతకుముందు నేను కలిపి చెప్పిన మాటలన్నీ నమ్మకంగానే వినిపించేవి; ఆ మాట మాత్రం నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఆటోలో పోయాం. చౌరస్తా దగ్గర సిగ్నల్ పడితే, పక్కన ఆగిన ప్రతి బండి వైపూ చూసి, కరీం కవరును ఛాతీకి అదుముకున్నాడు. ఎండలో అతని చెవి వెనక చెమట కారుతోంది. తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

స్టేషనులో ఎస్సై మానస అనే అమ్మాయి. వయసు ముప్పైకి లోపే. కూర్చోమంది. కరీం కూర్చోలేదు. ముందున్న కాగితం చూసి, విమానం నడిపానని రాసింది మీరేనా అని అడిగింది. కరీం వంగి, ఆ కాగితంలో తన నంబరున్న చోట వేలు పెట్టాడు.

"పేరు నాది మేడం. నంబరు నాది. మాట నాది కాదు."

నేను ముందుకు వచ్చి జరిగింది చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు. మధ్యలో ఆమె, ఎందుకు రాశారని అడిగింది. బాగుంటుందని అన్నాను. ఆమె అదంతా కాగితం మీద పెట్టమంది. పెట్టాను. రాస్తున్నంతసేపూ కరీం నా కలం వైపే చూస్తూ నిలబడ్డాడు.

రాయడం అయ్యాక, అలవాటు కొద్దీ చదివి వినిపించబోయాను. కరీం నా చేతిలోంచి కాగితం తీసుకుని, బల్ల పక్కనున్న కానిస్టేబుల్ ఎల్లస్వామికి ఇచ్చాడు.

"జర మీరు చదువుండ్రి సార్."

ఎల్లస్వామి చదివాడు. కరీం తల వంచుకుని ప్రతి మాటా విన్నాడు. ఒకచోట మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు కరీం కాగితం నా ముందుకు జరిపాడు. నేను సంతకం పెట్టాను.

ఎస్సై దాన్ని ఫైలులో పెట్టింది. కరీం మీద కేసేమీ ఉండదని చెప్పింది. నేను మాత్రం పిలిచినప్పుడల్లా రావాలి. నా పేరు మీద ఇదే సంగతి ఆ గేము దగ్గర కూడా రాయాలి. పాస్‌పోర్టు విచారణ దాని దారిన అది వస్తుందంది. కరీం తల ఊపాడు. నమ్మినట్టు లేదు. కవరు ఇంకా ఛాతీకి అదుముకునే ఉన్నాడు.

లేవబోతూ ఆమె కొంచెం నవ్వింది. మనిషిని తేలికపరచాలనే అనుకుంటాను. వాళ్ళ తమ్ముడు కూడా అదే ఆడతాడంది. ఇంజను మోత గురించి మీరు కనిపెట్టింది నిజమే అంటున్నాడు, ఇంతకీ ఆ గేము మీకెట్లా అనిపించిందో మీ నోటితో చెప్పండి అని అడిగింది.

కరీం ఆమెను చూశాడు. ఆమె ముందున్న తెల్ల కాగితాన్నీ, దాని మీదున్న కలాన్నీ చూశాడు.

"మంచిగనే ఉంది మేడం," అన్నాడు. "సౌండు గూడ మంచిగనే ఉంది. తప్పేం లేదు."

తరవాత, ఇక పోవచ్చా అని అడిగాడు.