రాయి మొదట్లో మట్టి గీకినందుకు

మాకు డోన్‌లో కిరాణా కొట్టు ఉంది. పోయిన వేసవిలో ఒక పల్లెకు పెళ్లికి వెళ్లాను. ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ ఊరి పేజీ చూస్తే, ఫోటో లేదు, మీ దగ్గర ఉంటే చేర్చండి అని ఉంది. ఊరి బయట చేలో వీరుడి బొమ్మ చెక్కిన పాత రాయి కనబడింది. ఫోటోలో బొమ్మ పూర్తిగా పడాలని దాని మొదట్లో మట్టిని పుల్లతో గీకసాగాను.

“ఏం తవ్వుతాండావమ్మా ఈడ?”

తిరిగి చూస్తే నలుగురు మగవాళ్లు, చేతుల్లో కట్టెలు. గుప్తనిధుల కోసం వచ్చాననుకున్నారు. పెద్దాయన ఒకరు నా ఫోన్ లాక్కున్నారు.

“నీతో వచ్చినోళ్లు యాడ దాక్కోనుండారు?”

“ఎవరూ లేరు పెద్దాయనా. మీ ఊరి ఫోటో కోసం వచ్చినా. మీ ఊరి పేజీ ఆ ఫోన్లోనే ఉండాది, చదవండి.”

ఆయన చాలాసేపు చదివారు.

“మా ఊరు దీంట్లో ఉండాదా” అని, తువ్వాలు తీసి రాయిని తుడిచారు. “ఇప్పుడు తీయమ్మా.”

ఫోన్ అందుకుని గబగబా ఒక్కటే తీశాను. మసకగా వచ్చిన ఆ ఫోటోనే ఇప్పుడు పేజీలో ఉంది. మీరెవరైనా ఊళ్లో చెప్పి వెళ్లి, ఇంతకన్నా మంచిది తీసి చేర్చండి. నేను మాత్రం ఆ చేలోకి మళ్లీ వెళ్లను.