కుర్చీ మంచిదే

మా మేనకోడలు పోయింది. షాద్‌నగర్ బజారులో ఆమె కోసం కొత్త కుర్చీ బేరం చేస్తుండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "జల్ది రా, పిల్ల లేస్తలేదు" అంది నా భార్య. కుర్చీ అక్కడే వదిలేసి పరుగెత్తాను.

నేను ఊరి బడిలో ఏడు దాకా చదివి, బోరు మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికినవాణ్ని. ఆమె పెద్ద చదువులు చదివింది. మా మేడమీద గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీ పని చేసేది. ఫోన్లో యాప్ ఉన్నట్టుండి మూసుకుపోతే, ఎందుకు పోయిందో కనిపెట్టడం ఆమె పని.

ఒకరోజు చాయ్ ఇవ్వడానికి వెళ్తే తెర నిండా వరుసలు, యాప్ మూసుకుపోయేటప్పుడు లోపల ఏ పని నడుస్తోందో చూపేవి. పై వరుసలన్నీ ఫ్రేమ్‌వర్క్‌వట. అంటే వీళ్ల కంపెనీ రాసింది కాదు, వేరే పెద్ద కంపెనీ ముందే రాసి ఇచ్చింది. దాని మీదే వీళ్లు యాప్ కట్టుకుంటారు.

"పైన వాళ్ల పేరు కనవడంగనే తప్పు వాళ్లదేనని చేతులు దులుపుకుంటరు మామా" అని నవ్వింది.

మూడు రోజులు ఆ యాప్‌నే తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూసింది. పై ఆఫీసరు ఫోన్లో ఎకసెక్కం చేశాడు. "ఏం మేడం, దొరికిందా మీ దయ్యం?"

"దొరికింది సార్. మనింట్లనే ఉంది."

తర్వాత నాకు చెప్పింది. పేజీలో ఫోటో రాకముందే చూసే మనిషి వెనక్కి పోతే వీళ్ల యాప్ ఆ పేజీని తీసేస్తోంది. ఆలస్యంగా వచ్చిన ఫోటోను ఫ్రేమ్‌వర్క్ చేత ఆ లేని పేజీకే పంపిస్తోంది.

"ఇల్లు కూలగొట్టి, గా ఇంటికే ఉత్తరమిచ్చి రమ్మన్నట్టు. పోస్ట్‌మ్యాన్ గుంతల పడ్డడు. అందరు పోస్ట్‌మ్యాన్‌నే తిడుతున్నరు. పడ్డకాడ ఆగొద్దు మామా, అంతకు ముందు ఏమైందో అడగాలె."

నాకు అర్థమైంది. నీళ్లు అడుగంటిన బోరులో ఒట్టిగా తిరిగి మోటారు కాలితే రైతు కంపెనీని తిడతాడు. నేను మోటారు విప్పకముందే "బోరుల నీళ్లెట్లున్నయి?" అని అడుగుతాను. ఆ సంగతి చెబితే, "అయితే మనిద్దరిది ఒక్కటే పని మామా" అంది. నాకు అంత గౌరవం ఇంకెవరూ ఇవ్వలేదు.

పోయే ముందు వారం మెట్ల మీద సగంలో ఆగింది.

"ఎడమ భుజం గుంజుతాంది మామా. దవడ దాంక వస్తాంది."

"పొద్దంత కంప్యూటర్ ముంగట కూసుంటివి. నీ కుర్చీ బాగలేదు బిడ్డా."

"కూసుంటే తగ్గుతాంది. మెట్లెక్కితేనే..."

"మందు రాస్త పా. కుర్చీ మారుద్దాం."

ఆమె కాసేపు ఆలోచించింది. "కుర్చీనే కావచ్చు" అంది.

నేను మందు రుద్దాను. నా భార్య కాపడం పెట్టింది. జర తగ్గిందని చెప్పింది, మా మనసు కోసం కావచ్చు. పెద్ద దవాఖానకు పోదామని ఆ వారమంతా మాలో ఒక్కరూ అనలేదు.

చివరికి, ఫోన్ వచ్చిన ఆ రోజు తీసుకుపోయినప్పుడు డాక్టరు చెయ్యి పట్టి చూసి ప్రాణం లేదన్నాడు, భుజం నొప్పి సంగతి విని గుండె అన్నాడు. "మెట్లెక్కితే నొప్పి ఎక్కువయ్యేదా?"

"అయ్యేది సార్."

"కూర్చుంటే తగ్గేదా?"

"తగ్గేది."



కర్మలన్నీ అయ్యాక ఆమె కుర్చీని కిందికి దింపి నా షాపుకు తెచ్చాను. చక్రాలు, వీపు, చేతులు అన్నీ విప్పి చూశాను. ఎక్కడా ఏ లోపమూ లేదు. మళ్లీ బిగించాను. రోజూ పొద్దున్నుంచి మాపటిదాకా దాంట్లోనే కూర్చుని రాగితీగ చుడుతున్నాను.

నా భుజం ఒక్కనాడూ నొయ్యలేదు.