ఆకాశం బాగా వచ్చిన ఫోటో

ఉదయం అయిదున్నరకు ఖమ్మంలో బస్సెక్కాను. నెలలో ఇది రెండోసారి. మొదటిసారి అడవి చూడ్డానికి వెళ్లాను. ఈసారి నేను చేసిన వెధవపని దిద్దుకోవడానికి.

అప్పుడు ములకలపల్లి అవతల ముత్తయ్య అనే కోయ రైతు, పట్టా దరఖాస్తుకు, అడవి కొట్టి సాగుచేసుకుంటున్న తన పోడు చేలో నిలబడిన ఫోటో తీసిపెట్టమన్నాడు. నా కొత్త కెమెరాను 'ఆటో'లో పెడితే వెలుతురు సంగతి అదే చూసుకుంటుందని అమ్మినవాడు చెప్పాడు. చూసుకుంది. తెల్ల పంచె, తెల్లటి ఆకాశం చూసి, ఇంత వెలుతురెందుకని తగ్గించేసింది. ముత్తయ్య ముఖం బొగ్గయింది. నేను పోస్టులో పంపిన ఆ ఫోటోను భద్రాచలం ఆఫీసులో గుమాస్తా విసిరేశాడని ముత్తయ్య ఉత్తరం రాయించాడు. గడువు ఈ సాయంత్రంతో సరి.

ఎనిమిదిన్నరకు పాల్వంచలో ఇడ్లీ తిని బస్సు మారాను. అక్కడి కరెంటు కేంద్రంలో రాత్రి షిఫ్టు దిగిన ఒకాయన పక్కన కూర్చున్నాడు.

"ఏంది సారూ, కెమెరాను గట్ల కొరకొర చూస్తున్నవ్?"

"దీనికి అన్నీ తెలుసటండీ."

"అవ్, మా ఇన్‌ఛార్జి గిట్లనే."

పదిన్నరకు చేను చేరాను. ముత్తయ్య ముఖమంతా పౌడరు.

"ఇదేంటయ్యా?"

"నల్లగున్నవ్ గనక నల్లగొచ్చింది, పౌడర్ కొట్టుకొని మల్ల ఫోటో దిగుపో అన్నడు గుమస్తా సారు. పక్కోళ్లింట్ల అడుక్కొచ్చిన."

నాకు ఒళ్లు మండింది. గుమాస్తా మీద కొంత, మిగిలిందంతా నా మీద.

"కడుక్కో. తప్పు నీ మొహంది కాదు, నాది."

కెమెరాను మాన్యువల్‌కు తిప్పాను. ముఖానికి జానెడు దూరంలో పెట్టి అక్కడి వెలుతురొక్కటే కొలిచాను. షట్టరు స్పీడు నూట ఇరవై అయిదు, అపెర్చరు అయిదు పాయింట్ ఆరు. అవి కదపకుండా పదడుగులు వెనక్కి నడిచి నొక్కాను. ఇలా తీస్తే వెనక ఆకాశం వెలిసిపోతుంది. కెమెరాతో అటు వెళ్లేవాళ్లు ఆకాశాన్ని పోనివ్వండి.

ఇద్దరం రెండున్నరకు భద్రాచలంలో దిగాం. స్టూడియోలో రీలు కడిగించి, తడారని ఫోటోతో నాలుగున్నరకు ఆఫీసుకెళ్లాం. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఈసారి ముఖాన్ని ఏమీ అనలేకపోయాడు.

"ఆకాశం కనిపిస్తలేదేంది?"

"ఆకాశానికి పట్టా అడుగుతలేను సారూ," అన్నాడు ముత్తయ్య.

ఫోటో ఫైల్లోకి వెళ్లింది. మొదటి ఫోటో ముత్తయ్య నా చేతిలో పెట్టాడు.

"ఇది నువ్వే ఉంచుకో సారూ. నేను లేను గదా ఇందుల."

ఆరింటి బస్సులో దాన్ని చింపబోతూ ఒకసారి చూశాను. ఆకాశం అద్భుతంగా వచ్చింది. మబ్బులు ఏ పొరకాపొర లెక్కపెట్టొచ్చు. ఆ మబ్బుల కోసం నేను చెరిపేసిన మనిషి కింద నిలబడి ఉన్నాడు.

చింపలేదు. కెమెరా పెట్టెలో పెట్టాను, మూత తెరిచినప్పుడల్లా కనబడేలా.