ఎత్తు సీటు బండి

మా చిన్నమ్మ ఏదైనా తేల్చుకుందంటే కొంగు నడుముకు బిగించేది. హన్మకొండలో బట్టల దుకాణం నడిపి కొనుక్కున్న ఎర్ర స్పోర్ట్స్ కారంటే ఆమెకు ప్రాణం. ధర్మసాగర్ రోడ్డు మీద దాన్ని ఉరికిస్తుంటే, పక్కన చిన్నాయన కళ్లు మూసుకునేవాడు.

పక్షవాతంతో చిన్నాయనకు ఒక కాలు పట్టు తప్పింది. నేలకు ఆనినట్టుండే ఆ సీట్లో ఆయన్ను చిన్నమ్మా నేనూ ఎత్తి కూర్చోబెట్టాల్సి వచ్చేది. ఆ సిగ్గుతో గడప దాటడమే మానేశాడు.

ఓ పొద్దున చిన్నమ్మ కొంగు బిగించి కారు తాళాలు అందుకుంది.

"నాకోసం కారు అమ్మకే. నీ పానమంత దానిమీదనే ఉంటది," అన్నాడు చిన్నాయన.

"ఉంటది. అయినా మారుస్త. నువ్వు లేకుంట అండ్ల ఒక్కదాన్నే ఏడికి పోవాలె?"

షోరూంలో కారిచ్చేసి, బదులుగా ఎత్తు సీటున్న వ్యానుతో తిరిగొచ్చింది. చిన్నాయన ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి, తలుపు తనే వేసుకున్నాడు.

ఆ రోజు పొద్దుగూకేదాకా ఇద్దరూ ఇంటికి రాలేదు.